ఏడో నంబరు బస్తా

మనిషి బతుకు ఏడు బస్తాల్లో పడుతుంది. ఇది వేదాంతం కాదు, కొలిచి చెబుతున్న మాట. ముప్పై ఒక్క సంవత్సరాలు దర్శి రోడ్డులో గోనెసంచుల వ్యాపారం చేసినవాణ్ణి. బట్టలు ఒక బస్తా. వంటసామాను రెండు. పక్కబట్టలు ఒకటి. తిండిగింజలు ఒకటి. దేవుడి పటాలు, కాగితాలు, నడవకపోయినా పారెయ్యలేని గడియారాలు కలిపి ఒకటి. ఏడోది విత్తనాలు. ఇంకా ఏమన్నా మిగిలితే అది బతుకు కాదు, ఆడంబరం.

మా ఏడు బస్తాల మూతులకీ లక్క ముద్రలు పడ్డాయి. ప్రభుత్వమే వేసింది. అది ఎలా జరిగిందంటే, నాకు కొండకింద పద్నాలుగు ఎకరాల మెట్ట ఉండేది. దారి లేదు, నీళ్ళు లేవు, కరెంటు లేదు. అమ్ముదామని నాలుగుసార్లు ప్రయత్నించాను. కొనేవాళ్ళు వచ్చేవారు, చూసేవారు, మజ్జిగ తాగేవారు, వెళ్ళిపోయేవారు. నా చేతిలో ఇరవై రెండేళ్ళు కదలకుండా ఉండిపోయిన సరుకు అదొక్కటే.

అలాంటి సమయంలో పరాంకుశంగారు వచ్చారు.

పరాంకుశంగారు సమష్టి జీవన శాఖలో సంయుక్త సంచాలకులు. శాఖ తరఫున కెనడా వెళ్ళి వచ్చారు. అక్కడ హట్టరైట్లనే వాళ్ళున్నారట. నాలుగైదు వందల ఏళ్ళ కిందట ఐరోపాలో మొదలై, తరిమినచోటల్లా వదిలి, చివరికి అమెరికా ఖండం చేరిన క్రైస్తవులు. వాళ్ళలో ఎవరికీ సొంత ఆస్తి ఉండదు. పొలం ఒకటే, వంటిల్లు ఒకటే, గంట కొడితే అందరూ ఒక్కచోటే తింటారు. నాయకుడు కావాలంటే కొందరి పేర్లు ఎంచి వాటిలోంచి చీటీ తీస్తారు. అంతా చక్కగానే ఉంది. పరాంకుశంగారి పర్యటన పదకొండు రోజులు. అందులో హట్టరైట్ల కాలనీకి కేటాయించింది ఒక పూట. మిగతాది జలపాతాలకి.

ఆ ఒక్క పూటలో ఆయన చూసిందంతా ఎనభై ఆరు పేజీల నివేదికగా రాశారు. నాకు చదివి వినిపించారు కూడా.

"వీరు తమ సమస్త సామగ్రిని మూటలుగా కట్టుకొని సిద్ధముగా నుందురు. పడకలు, పాత్రలు, పిల్లల ఆటవస్తువులు సైతం మూటలయందే యుండును. భోజనశాలయందు రెండు జాబితాలుంచి చీటీ తీయుదురు. తదుపరి సగం జనాభా లారీలెక్కును. వీరి శతాబ్దాల విజయ రహస్యం ఈ మూటయేనని క్షేత్రస్థాయి పరిశీలనలో తేటతెల్లమైనది."

కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "గురునాథంగారూ, మీ భూమి నిరుపయోగం కాదు. ప్రయోగార్హం. మన రాష్ట్రంలో తొలి సమష్టి గ్రామం అక్కడే వెలుస్తుంది."

షరతులు ఇవీ. భూమి సంఘానికి రాసివ్వాలి. కాలనీకి రోడ్డు, కరెంటు, బోరు, మోటారు శాఖ ఇస్తుంది. మూడేళ్ళు నిండాక ఇష్టం లేనివాళ్ళు తెచ్చింది తాము తీసుకుని వెళ్ళిపోవచ్చు. పద్నాలుగో షరతు మాత్రం గట్టిది: ఏటా ఆగస్టు ముప్పై ఒకటిలోగా పొలంలో పైరు కనబడాలి. కనబడకపోతే భూమి ప్రభుత్వపరం.

నా బుర్రలో బేరం కుదిరిపోయింది. మూడేళ్ళు సమష్టిగా తింటే, వెళ్ళేటప్పుడు అదే పద్నాలుగు ఎకరాలు రోడ్డుతో, నీళ్ళతో నా చేతికి వస్తాయి. ఇక కొనేవాళ్ళకి మజ్జిగ కూడా ఇవ్వనక్కర్లేదు.

మా ఆవిడ సీతారావమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఆయన నాలుగు మాటలు చెబితే మూడు అర్థం కావు. ఆ అర్థమైన ఒక్కదాన్ని పట్టుకుని భూమి రాసిచ్చేస్తారా?"

"అర్థమైన ఆ ఒక్కటీ రోడ్డు సంగతే," అన్నాను.

పదకొండు కుటుంబాలు చేరాయి. ఇల్లు లేనివాళ్ళు ఇల్లొస్తుందని చేరారు. ఇల్లున్నవాళ్ళు ఇంట్లో పోరు పదిమందితో పంచుకోవచ్చని చేరారు. మొత్తం నలభై ముగ్గురం. ప్రారంభోత్సవం నాడు మేళం పెట్టించారు. రిబ్బను కత్తిరించడం పాత పద్ధతి అని, పరాంకుశంగారే తొలి బస్తాకి తొలి ముడి వేశారు. బస్తాలు నావే, పురికొస నాదే. చప్పట్లు కొడుతూ నేను లోలోపల ఇంకొంచెం గట్టిగా కొట్టుకున్నాను.

నిబంధనలు మర్నాడు చదివారు. ప్రతి కుటుంబం సామానూ ఎప్పుడూ ప్రయాణానికి సిద్ధంగా కట్టి ఉండాలి. బస్తా మూతికి లక్క ముద్ర ఉండాలి. ముద్ర తియ్యడానికి రెండే మార్గాలు. జనాభా నూట ఇరవై అయి కాలనీ రెండుగా చీలితే అందరూ విప్పుకోవచ్చు. అంతకు ముందే విప్పాలంటే తొమ్మిదో నంబరు ఫారం నింపి కాలనీ నాయకుడి సంతకం పెట్టించాలి. ఫారం లేకుండా ముద్ర పగలగొడితే సభ్యత్వం రద్దు, తెచ్చిందంతా సంఘానికే. ఒక పెద్ద డేగిసా, ఒక గరిటె, ఒక బిందె 'తాత్కాలిక విముక్త వస్తువులు'. మిగతావన్నీ బస్తాల్లో.

నలభై ముగ్గురం నూట ఇరవై కావడానికి ఎంత కాలం పడుతుందో నేను లెక్క కట్టాను. మేమంతా ఎంత మనసుపెట్టి కృషి చేసినా పందొమ్మిదేళ్ళు.

పొద్దున ఆరింటికి గంట. ఎవరి బస్తాల పక్కన వాళ్ళు నిలబడాలి. పరాంకుశంగారు ముద్రలు చూసుకుంటూ, బస్తాలు తూకం వేయించుకుంటూ, "సిద్ధస్థితి సంతృప్తికరం" అని రాసుకునేవారు. తరవాత మేము ఆ బస్తాల మీదే కూర్చునేవాళ్ళం. చేసే పని లేదు. పలుగు, పార, కొడవలి ఆయన వచ్చినరోజే గోనెలో చుట్టించారు. ఆయన పెట్టె మాత్రం కట్టలేదు. ఆయన సభ్యుడు కాదు, పరిశీలించడానికి శాఖ వేసిన ప్రత్యేకాధికారి.

మొదటి వారంలోనే మాకు శాఖనించి బియ్యం, పప్పు వచ్చాయి. అవి కూడా ముద్రలతోనే వచ్చాయి.

అయినా రెండు పూటలా అన్నం, పప్పు వేళకి అందుతున్నాయి. వంట మస్తాన్‌బీది. మొగుడు పోయిన మనిషి, పదకొండో కుటుంబం ఆవిడదే, అందులో ఆవిడ ఒక్కతే. విస్తరాకులో వేడన్నం పడుతుంటే, ముద్ర వెయ్యని బియ్యం ఎక్కణ్ణించి వస్తోందని నేను అడగలేదు. వ్యాపారినే గాని, ఆకలి వేళ నాకు ప్రశ్నలు తట్టవు.

నోరు తెరిచింది ఏసోబు మాస్టారు ఒక్కరే. బడిపంతులుగా రిటైరైన మనిషి, మెల్లిగా మాట్లాడతారు. ఒకరోజు తనిఖీలో లేచి నిలబడ్డారు.

"సార్, ఒక్క మనవి. తమరు వెళ్ళింది ఆ కాలనీ విడిపోయే రోజున. పదిహేనేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఒక్కసారి వస్తుంది ఆ రోజు. జనం పెరిగితే వేరేచోట ఇళ్ళూ కొట్టాలూ కట్టుకుంటారు. ఎవరు పోవాలో ఎవరు ఉండాలో దేవుడే తేల్చాలని అందరూ మూటలు కట్టుకుంటారు. చీటీ పడ్డాక ఉండిపోయినవాళ్ళు విప్పేసుకుంటారు. మిగతా ఇరవయ్యేళ్ళూ వాళ్ళు చేసేది ఒళ్ళొంచి సేద్యం సార్."

"మీరు కెనడా వెళ్ళారా?"

"లేదు సార్. పుస్తకంలో చదివాను."

"ఆ పుస్తక రచయిత శాఖాపరమైన అనుమతితో పర్యటించెనా?"

"అది తెలీదు సార్."

"తెలియని పక్షంలో నివేదికయే ప్రామాణికం. ఆ పుస్తకం ఏదీ, పరిశీలనార్థం సమర్పించండి."

"నా ఆరో బస్తాలో ఉంది సార్. తమరే ముద్ర వేశారు."

పరాంకుశంగారు ఆ బస్తా వైపు చూసి, ముద్ర సరిగా ఉన్నందుకు సంతోషించి, ముందుకు సాగిపోయారు.

జూలై నెలాఖరుకి కొండ మీద మబ్బు దిగింది. మెట్ట రైతుకి అది చాలు. రేపో ఎల్లుండో పదును వస్తుంది, కంది వెయ్యాలి. పద్నాలుగు ఎకరాలకి సరిపడా డెబ్భై కిలోల కంది విత్తనం నా ఏడో బస్తాలో ఉంది. బస్తా మూతికి ముద్ర ఉంది. ఆగస్టు ముప్పై ఒకటికి నెల రోజులుంది. నేను తొమ్మిదో నంబరు ఫారం మూడు ప్రతులు నింపుకుని పరాంకుశంగారి గదికి వెళ్ళాను.

"నాయకుడి సంతకం?" అన్నారు.

"మనకి నాయకుడు లేడు గదండీ."

"లేని నాయకుడి సంతకం నేను పెట్టజాలను."

"పైరు కనపడకపోతే నా భూమి పోతుందండీ."

"పోవును. పద్నాలుగో షరతు విస్పష్టం. అయిననూ ఆందోళన వలదు. నాయకుని ఎంపిక ప్రక్రియ ఎల్లుండే ప్రారంభిస్తున్నాను."

ప్రక్రియ ఇరవై ఒక్క రోజులని ఆ తరవాత తెలిసింది.

హట్టరైట్లలో నాయకత్వం కోసం ఎవరూ పాకులాడరని నివేదిక నలభై రెండో పేజీలో ఉంది. అందులోంచి పరాంకుశంగారు ఒక సూత్రం పిండారు: పదవిని కోరువాడు పదవికి అనర్హుడు. కనక ముందు ఎవరికి కోరిక లేదో తేలాలి. తేలినవాళ్ళ పేర్లతో చీటీలు వెయ్యాలి. కోరికని కొలిచే పద్ధతి ఆయనే కనిపెట్టారు. కుటుంబ పెద్దలందరూ కొండకి ఎదురుగా బల్లల మీద కూర్చోవాలి. పొలం వీపు వెనక, వంటపాక వీపు వెనక. పొలం వైపు తిరిగితే భూమి మీద కోరిక. వంటపాక వైపు తిరిగితే తిండి మీద కోరిక. ఎదురుగా కుర్చీలో కూర్చున్న పరాంకుశంగారి ముఖం వైపు చూస్తే పదవి మీద కోరిక. నిద్రకి మాత్రం కళ్ళు దించుకుని పాకల్లోకి పోవచ్చు.

ఇక్కడ నా వ్యాపారం సంగతి ఒకటి చెప్పాలి. మార్కెట్లో నాకొక నియమం ఉండేది. ఏ సరుకు కావాలో దాని వైపు చూడను. పక్క కొట్లో టీ తాగుతాను, ఆకాశం చూస్తాను, ఎవరి పెళ్ళి గురించో అడుగుతాను. అమ్మేవాడు ఆగలేక తనే వచ్చి బేరం పెడతాడు. ముప్పై ఒక్క ఏళ్ళు చూడకుండా కొన్నవాణ్ణి, ఇరవై ఒక్క రోజులు చూడకుండా ఉండలేనా? నేను నాయకుణ్ణయితే నా సంతకంతోనే నా ఏడో బస్తా విప్పుకుంటాను. ఆగస్టు ఇరవై మూడు నాటికి చీటీ, ఆ సాయంత్రమే విత్తనం, ముప్పైకల్లా మొలక. పైరు కనపడాలన్నారు గాని, ఎంత ఎత్తున కనపడాలో షరతులో లేదు.

పది మందిమి కూర్చున్నాం. మస్తాన్‌బీకి కబురు పెడితే, పొయ్యి మీద ఎసరుంది, రానని చెప్పి పంపింది.

మొదట వేటు పడింది మాస్టారికి. "నాకు కావాలి సార్ ఆ పదవి," అని లేచి నిలబడి చెప్పేశారు. "ఒక్క సంతకం పెట్టి, విత్తనాలు తీసి, ఆ పూటే దిగిపోతాను."

"స్పష్టమైన పదవీకాంక్ష," అని రాసుకున్నారు పరాంకుశంగారు.

రెండో రోజు ఒకాయన "నాకొద్దు బాబోయ్, నాకొద్దు" అని పదే పదే అరిచాడు. వద్దన్న పేరు తెచ్చుకోవాలన్న కోరిక అని ఆయన్ని కొట్టేశారు. ఇంకొకాయన ఏమీ అనకుండా కళ్ళు మూసుకున్నాడు. దాచుకుంటున్నాడని కొట్టేశారు.

మూడో రోజు వాన పడింది.

నా వీపు మీద పడింది. నా పొలం మీద పడుతున్న చప్పుడు విన్నాను. పొడి నేల తడిసినప్పుడు వచ్చే వాసన వచ్చింది. బల్ల మీద నా పక్కనున్న ముగ్గురు తిరిగి చూశారు, ముగ్గురి పేర్లూ పోయాయి. నేను ఆకాశం చూస్తూ, ఎదురుగా కూర్చున్న పరాంకుశంగారి గొడుగుని అడిగాను: "తమ అమ్మాయికి సంబంధం కుదిరిందా అండీ?"

మర్నాడు వెనక ఆడవాళ్ళ మాటలు వినపడ్డాయి. నవ్వులు వినపడ్డాయి. ఎద్దుల గజ్జెలు కూడా వినపడ్డాయి. కట్టెలకి పోతున్నారనుకున్నాను.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో సీతారావమ్మ విస్తరి తెచ్చి నా ముందు పెట్టి, వంగి చెవిలో అంది. "ఏమండీ, ఒక్కసారి ఎనక్కి చూడండి."

ఇది పరాంకుశంగారు పెట్టించిన పరీక్ష అని నాకు వెంటనే తెలిసిపోయింది. మనిషిని పడగొట్టడానికి చివరికి కట్టుకున్నదాన్నే వాడుకుంటారన్నమాట. నేను కొండనే చూస్తూ అన్నాను: "నాకు దేని మీదా కోరిక లేదు."

"లేకపోతే పాయె. మెడ పట్టేసిందేమో చూసుకోండి," అని వెళ్ళిపోయింది.

పందొమ్మిదో రోజుకి బల్ల మీద నేనొక్కణ్ణే మిగిలాను. ఇరవై ఒకటో రోజున పరాంకుశంగారు నా అనాసక్తిని ధ్రువపరుస్తూ కాగితం ఇచ్చారు. ఇక చీటీ తియ్యాలి. ఒక్క పేరుతో చీటీ తియ్యడం కుదరదని, కనీసం రెండుండాలని ఆయనకి అప్పుడు తట్టింది. రిజిస్టరంతా తిరగేశారు. ఒక పేరు దగ్గర ఆగిపోయారు.

"ఈమె ఒక్క సమావేశానికీ హాజరు కాలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు. పరీక్షకి పిలిచినా రాలేదు. ఇరవై ఒక్క రోజులూ ఆసక్తి అన్నది లేశమాత్రమూ నమోదు కాలేదు. పరిపూర్ణ అనాసక్తి!"

చీటీలు వేద్దామంటే బిందెలో నీళ్ళున్నాయి, చెంబులన్నీ బస్తాల్లో ఉన్నాయి. రెండు చీటీలూ తన టిఫిను డబ్బాలోనే వేసి, కళ్ళు మూసుకుని, ఒకటి తీశారు. మస్తాన్‌బీ.

నేను చిరునవ్వు నవ్వాను. ఆ నవ్వుకి పడ్డ కష్టం నా బతుకులో ఏ బస్తా మోసినా పడలేదు.

మస్తాన్‌బీ గరిటెతోనే వచ్చింది. సంగతి చెప్పారు.

"నాకొద్దు సామీ."

"వద్దనడమే అర్హత."

"నిజంగానే వద్దు."

"నిజంగా వద్దనడం మరింత అర్హత."

"అట్టయితే కావాల!"

"ఎన్నికైన పిదప కోరిక కలుగుట నిబంధనలకు విరుద్ధం కాదు."

మస్తాన్‌బీ గరిటె కొంగుకి తుడుచుకుంది. "సరే, పేరు మీరు పెట్టుకోండి. సంతకాలు మాత్రం నన్నడగబాకండి. మా ఆయన పోయే ముందర ఎవుడో తెచ్చిన కాయితం మీద ఏలు పెట్టినాడు, ఉన్న ఇల్లు పోయింది. ఆనాడే ఒట్టేసుకున్నా. ఏ కాయితం మీదా ఏలు పెట్టేదే లేదు. ఇంక పొయ్యేదా? పప్పు అడుగంటతంది."

ఆవిడ వెనకే కొండ వైపు ముఖం పెట్టుకుని అడ్డంగా పరిగెత్తాను, చేతిలో తొమ్మిదో నంబరు ఫారంతో. అలవాటైపోయింది, పొలం వైపు మెడ తిరగడం లేదు.

"మస్తాన్‌బీ! ఒక్క వేలిముద్ర! నీకు దండం పెడతాను. ఏడో బస్తా విప్పాలి. ఇంకా ఎనిమిది రోజులే ఉంది. పైరు కనపడకపోతే నా భూమి పోతుంది."

ఆవిడ ఆగింది. వేడి డేగిసాలో చెయ్యి పెట్టబోతున్న మనిషిని చూసినట్టు చూసింది నన్ను. "సెట్టిగారా, చీటీ అయిపోయిందా?"

"అయిపోయింది."

"కోరికలూ గట్రా ఇంక ఎవురూ చూడరు గదా?"

"చూడరు."

"అట్టయితే తిరగండి."

తిరిగాను. మెడ కలుక్కుమంది. పద్నాలుగు ఎకరాల్లో, ఈ గట్టు నించి ఆ గట్టు దాకా, బెత్తెడెత్తు కంది. సాళ్ళు గీత గీసినట్టున్నాయి. ఇరవై రెండేళ్ళలో ఆ భూమిలో పచ్చటిది చూడడం అదే మొదటిసారి. రెండు వారాలుగా అది నా వీపు వెనకే పెరుగుతోంది.

సంతోషం ఎంతసేపుందో సరిగ్గా చెప్పగలను. పాక దాకా. విత్తనం పొలంలో ఉందంటే బస్తా విప్పారన్నమాట. ముద్ర పగలగొడితే సభ్యత్వం రద్దు, భూమి సంఘానికే ఉండిపోతుంది. పాకలోకి దూరి ఏడో బస్తా చూశాను. ముద్ర చెక్కుచెదరలేదు. బస్తా నిండుగా ఉంది. అరచేత్తో ఒకసారి తట్టాను. గోనె మీద తట్టి లోపల ఏముందో చెప్పడం నాకు వచ్చిన ఏకైక సంగీతం. అది కంది కాదు. ఇసుక.

బస్తాని దొర్లించి అడుగు చూశాను. అడుగు కుట్టు విప్పి, మళ్ళీ దబ్బనంతో కుట్టారు. ప్రతి మూడో కుట్టూ రెట్టించి ఉంది. ఆ చేతివాటం మా కొట్లో ముప్పై ఏళ్ళు చూసిందే.

సీతారావమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "చూడమంటే చూశారు కాదు."

"నువ్వేనా?"

"మూతికి ముద్రేస్తే బస్తాకి అడుగు లేకుండా పోతుందా? మీ కొట్లో దొంగలు పట్టుబడ్డప్పుడల్లా మీరే గదా పాఠం చెప్పింది, అడుగు చూడవే అడుగు చూడవే అని. ఎద్దుల్నీ విత్తే గొర్రునీ పక్క ఊరి నించి మాస్టారు తెచ్చారు. మీ మగాళ్ళంతా కోరికల్లేకుండా కూర్చున్నారు, మాకు అడ్డం ఎవరూ లేరు. రెండ్రోజుల్లో అయిపోయింది."

"బస్తా తూకం?"

"వాగులో ఇసుక లేదా? డెబ్భై కిలోలు. మీతో కాపరం చేసినదాన్ని, తూకం తప్పుతానా?"

అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. పాకలన్నీ తిరిగి బస్తాలు తట్టుకుంటూ పోయాను. నూట పన్నెండు బస్తాలు. శాఖ బియ్యం, ఇసుక. శాఖ పప్పు, ఇసుక. చెంబులు, పళ్ళేలు, దుప్పట్లు, పలుగు పారలు, అన్నీ ఇసుక. సామానంతా పాకల చూరుల్లో, పొయ్యిల వెనక, దర్జాగా వాడుకలో ఉంది. ఇసుక లేనిది ఒక్క మాస్టారి పుస్తకాల బస్తా. ఆయన దాన్ని విప్పించుకోలేదు. "అందులో ఉన్నది నాకు గుర్తుంది లెండి," అన్నారట.

రెండు నెలలుగా ఆ కాలనీలో నిజంగా మూటకట్టుకుని బతికింది నేనొక్కణ్ణే.

మర్నాడు పరాంకుశంగారు పొలం చూశారు. ఆయన కూడా అప్పుడే చూడడం. ఇరవై ఒక్క రోజులూ ఆయన మా ముఖాలు చూస్తూ కూర్చున్నారు.

"ఇదేమిటి?"

"కంది సార్," అన్నారు మాస్టారు.

"విత్తనం ఎక్కడిది?"

ఆయన రిజిస్టరు తీసి చూసుకున్నారు. కాలనీ మొత్తానికి కంది విత్తనం ఒక్క ఏడో నంబరు బస్తాలోనే ఉందని అందులో ఉంది. పాకలోకి నడిచారు. మేమంతా వెనకే. ముద్ర చూశారు. భూతద్దం పెట్టి చూశారు. తూకం వేయించారు. డెబ్భై కిలోలు. ఆయన బస్తా చుట్టూ రెండుసార్లు తిరిగి ఆగారు.

"దీనిని విప్పి చూడవలసియున్నది."

నా పద్నాలుగు ఎకరాలూ ఆ క్షణంలో ఆ లక్క ముద్ర కింద ఉన్నాయి.

"ఫారం ఉందా అండీ?" అంది సీతారావమ్మ వెనక నించి.

పరాంకుశంగారు తనే తొమ్మిదో నంబరు ఫారం మూడు ప్రతులు నింపారు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది ఆయనది. మస్తాన్‌బీని పిలిపించారు.

"ఇక్కడ వేలిముద్ర వేయండి."

"నే ఏసేది లేదు."

"ఇది మీ విధి. మీరు నాయకురాలు."

"నాయకురాలినే గదా. అందుకే చెప్తండా. ఏసేది లేదు."

"నేను ప్రత్యేకాధికారిని!"

"అయితే నీ ఏలే ఏసుకో సామీ, నాదెందుకు?"

ఆయన నిబంధనల పుస్తకం తీశారు. ఆద్యంతం చదివారు. ప్రత్యేకాధికారికి విప్పే అధికారం లేదు. ఆ నిబంధన రాసింది ఆయనే, అధికార దుర్వినియోగం జరగకూడదని. నాయకురాల్ని మార్చాలంటే మళ్ళీ ఇరవై ఒక్క రోజుల పరీక్ష. అప్పటికి ఆగస్టు దాటిపోతుంది. పైరుందని రాస్తే ముద్ర సంగతి చెప్పాలి. పైరు లేదని రాస్తే, పొలం ఎదురుగా ఉంది. ముద్ర లేదని రాయడానికి, ముద్ర వేసింది ఆయనే.

చాలాసేపు గట్టు మీద నిలబడ్డారు. నాకు ఆయన మీద జాలి వేసింది. ఉన్న సరుకూ రిజిస్టరూ కలవనప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాని వ్యాపారి అయితే సరుకుని నమ్ముతాడు.

కొంతసేపటికి ఆయన ముఖం తేటపడింది. కుర్చీ తెప్పించుకుని రాయడం మొదలుపెట్టారు. రాస్తూ రాస్తూ గట్టిగా చదివారు కూడా.

"విత్తనములు మూటయందు యథాతథముగా నుండగనే క్షేత్రమున పంట మొలకెత్తినది. ముద్ర నిర్దుష్టము. తూకము నిర్దుష్టము. పైరు నిర్దుష్టము. దీనినిబట్టి, మూట సక్రమముగా కట్టినచో విత్తవలసిన ఆవశ్యకత లేదని నిర్ద్వంద్వముగా రుజువైనది."

మాస్టారు దగ్గారు. దగ్గడం కాదేమో.

పద్నాలుగో షరతు నెరవేరినట్టు నాకు ఆ రోజే కాగితం ఇచ్చారు. పరాంకుశంగారికి రాజధానిలో శాలువా కప్పారు. డిసెంబరులో కంది కోశాం. ఎకరానికి మూడు బస్తాల లెక్కన నలభై రెండు బస్తాలు దిగింది. అవన్నీ కట్టి, ముద్ర వేయించుకుని, మూతి వైపు తనిఖీకి కనబడేట్టు నిలబెట్టి, అడుగు వైపు నించి తింటున్నాం. రోడ్డు, కరెంటు వచ్చాయి. బోరు వేశారు. మోటారు కూడా వచ్చింది, పెట్టెకి ముద్రతో. ఆ పెట్టెకి అడుగు ఎటుందో మాస్టారు ఒక పూటలో కనిపెట్టారు. మూడేళ్ళు నిండాక భూమి తీసుకుని వెళ్ళిపోతారా అని మాస్టారు అడిగితే, కొనేవాళ్ళు వస్తే చూద్దాం అన్నాను. మొన్న ఒకాయన నిజంగానే వచ్చాడు. ఆయన బేరం పెడుతున్నంతసేపూ నేను ఆకాశం చూడడం మరిచిపోయి పొలాన్నే చూస్తూ ఉన్నానట. ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపించేశామని సీతారావమ్మ చెప్పింది.

పోయిన నెల ఉత్తర్వులు వెలువడ్డాయి. రాష్ట్రమంతటా మరో నూట అరవై సమష్టి గ్రామాలు. రైతులందరూ విత్తనాలు, పనిముట్లు కట్టి ముద్ర వేయించుకుని సిద్ధంగా ఉండాలి. వాటికి కావలసిన బస్తాలు అనుభవజ్ఞుడైన సభ్యుడి దగ్గరే తీసుకోవాలని పరాంకుశంగారు సిఫారసు చేశారు. రెండు లక్షల బస్తాలు.

ఒప్పుకున్నాను. మా వ్యాపారంలో గొలుసుకుట్టు అని ఒకటుంది. చూడడానికి గట్టిగా ఉంటుంది, బరువు ఆగుతుంది, తనిఖీకి నిలబడుతుంది. సరైన కొస పట్టుకుని లాగితే మాత్రం అడుగంతా ఒక్క ఊపులో ఊడి వస్తుంది. రెండు లక్షల బస్తాల అడుగులకీ ఆ కుట్టే వేయించాను.

ఏ కొస లాగాలో కాగితం మీద ఎక్కడా రాయలేదు. బస్తాలు దింపే లారీవాళ్ళకి మాత్రం ఒక మాట చెప్పి పంపుతున్నాను: ఏ కాలనీకి వెళ్ళినా నాయకుడి కోసం చూడొద్దు, తిన్నగా పొగ వచ్చే పాకలోకి వెళ్ళి వంటావిడకి చూపించి రండి.